22 సెకన్లపై ఏకసభ్య కమిషన్ నివేదిక

1993 ఏప్రిల్ 4న అమెరికాలోని లాస్ వేగస్‌లో బ్రెట్ హార్ట్ అనే కెనడా పెద్దమనిషికి తీరని అన్యాయం జరిగింది. మూడు దశాబ్దాలు దాటినా దాని మీద ఏ ప్రభుత్వమూ విచారణకు ఆదేశించలేదు. అందుకని నాకు నేనే ఆదేశించుకున్నాను. కమిషన్‌లో సభ్యుణ్ణి నేనొక్కణ్ణే. కార్యాలయం మా హాల్లోని సోఫా. పనివేళలు రాత్రి పదిన్నర తర్వాత. రవాణా భత్యం లేదు కానీ, విచారణ మధ్యలో వంటింట్లోకి వెళ్ళి జంతికల డబ్బా తెచ్చుకునే వెసులుబాటు ఉంది.

విచారణాంశం రెసిల్‌మేనియా 9. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే కుస్తీ కంపెనీ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) వారి సాలీనా జాతర. దీన్ని పే పర్ వ్యూ అనేవారు. అంటే నెలనెలా కట్టే కేబుల్ బిల్లు కాక, ఈ ఒక్క షో చూడ్డానికి విడిగా డబ్బు కట్టాల్సి వచ్చేది. వారం వారం టీవీలో ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేదంతా ఊరింపు. అసలు కొట్టుకోవడం డబ్బులిస్తేనే. ఆ రోజుల్లో మా ఊళ్ళో కేబుల్ ఆయన మామూలు చందా కోసమే ఇంటికి నాలుగుసార్లు తిరిగేవాడు. ఈ పద్ధతి చెప్పి ఉంటే మా నాన్న, “చూడకుండా ఉంటే ఎంతిస్తావోయ్?” అని అడిగేవాడు.

ఇప్పుడా పాత షోలు దొరకడం కష్టం కాదు. లోకమంతటా నా ఈడు మగాళ్ళు వాటిని తవ్వి తీసి, మళ్ళీ చూసి, ఒక్కో మ్యాచ్‌కీ మార్కులు వేసి, ఆ మార్కుల గురించి తన్నుకుంటున్నారు. రింగులో దెబ్బలు ఉత్తుత్తివే. వీళ్ళ తన్నులాటలు మాత్రం నిఖార్సయినవి.

మార్కులంటే అంకెలు కాదు, నక్షత్రాలు. డేవ్ మెల్ట్‌జర్ అనే పాత్రికేయుడు తన పత్రికలో వేసీ వేసీ దీన్ని శాస్త్రం స్థాయికి తెచ్చాడు. అయిదు నక్షత్రాలు వస్తే మహాద్భుతం. 2017 జనవరి 4న టోక్యోలో ఒకాడా, ఒమేగా అనే మల్లయోధులు కొట్టుకుంటే ఆ అయిదూ చాలక ఆరు వేశాడు. పరమ చెత్తగా ఉంటే సున్నా దాటి కిందికీ దిగుతాడు. పావు నక్షత్రాలు కూడా ఉన్నాయి. ఇంగ్లీషు వాళ్ళకి ఈ పావుల లెక్క వింతగా ఉండొచ్చు గానీ మనకి కొత్తేం కాదు. నక్షత్రానికి నాలుగు పాదాలని మన పంచాంగం ఎప్పుడో తేల్చింది. కాబట్టి ఈ నివేదికలో మార్కులన్నీ పాదాలతో సహా ఇస్తున్నాను. పెళ్ళిసంబంధాలకు మాత్రం వాడకండి.

ముందుగా ఘటనాస్థలం. సీజర్స్ ప్యాలెస్ అనే జూదశాల ఆవరణలో, ఆరుబయట, పట్టపగలు. పేరులో సీజర్ ఉన్నాడు కాబట్టి అంతా రోమన్ పద్ధతిలో జరిపించారు. వ్యాఖ్యాత జిమ్ రాస్‌కి ఆ కంపెనీలో అదే మొదటి రోజు. పాపం ఆయనకి తెల్లగుడ్డ భుజం మీదుగా చుట్టి కూర్చోబెట్టారు. ఉద్యోగంలో చేరిన రోజే బాస్ దుప్పటి కప్పి సన్మానించినట్టుంది ఆయన వాలకం. తోటి వ్యాఖ్యాతల్లో ర్యాండీ సావేజ్ పల్లకీలో వచ్చాడు. బాబీ హీనన్ ఒంటె మీద, అదీ వెనక్కి తిరిగి కూర్చుని వచ్చాడు. సీజర్, క్లియోపాత్రా వేషగాళ్ళు ఏనుగెక్కి దిగారు. మన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకున్నారు. వీళ్ళు ఏనుగు మీదికి ఎక్కి మల్లయుద్ధం అన్నారు. తేడా అక్కడే తెలిసిపోతోంది. అయినా కమిషన్ నిష్పాక్షికమైనది కాబట్టి మాట్లాడకుండా ముందుకు సాగింది.

నిర్వాహకులు ప్రకటించిన లెక్క ప్రకారం జనం 16,891 మంది. ఎండకి సగంమంది చేతులు నుదుటి మీద అడ్డం పెట్టుకుని చూశారు.

షాన్ మైకేల్స్, టటాంకాల మ్యాచ్ దాదాపు 18 నిమిషాలు నడిచింది. టటాంకా గెలిచాడు, ఛాంపియన్‌కి ఇచ్చే బెల్టు మాత్రం రాలేదు. అవతలివాడు రింగులోకి తిరిగి రాకపోతే గెలుపు ఇస్తారట గానీ బెల్టు ఇవ్వరట. మన దగ్గర కోర్టులో గెలిచినా స్థలం చేతికి రానట్టే. రెండు నక్షత్రాలు, మూడు పాదాలు.

డోయింక్ అనే దుష్ట జోకర్‌కీ క్రష్‌కీ జరిగినదాంట్లో రింగు కిందినుంచి రెండో జోకర్ బయటికొచ్చి, కొయ్యచెయ్యితో క్రష్ నెత్తిన మొత్తి మళ్ళీ మాయమయ్యాడు. అనుమానం వచ్చి ఇంకో రిఫరీ పరిగెత్తుకొచ్చి, రింగు కింద గుడ్డ ఎత్తి చూసి, ఎవరూ లేరని తేల్చాడు. తనిఖీకి అధికారులు వచ్చేసరికి సరుకు మాయం కావడం లాస్ వేగస్‌లో కూడా ఉందని కమిషన్ నమోదు చేసుకుంది.

ఇక ఐఆర్ఎస్. ఈయన మల్లయోధుడూ, ఆదాయపు పన్ను అధికారీ. చొక్కా, టై, బ్రీఫ్‌కేసుతో రింగెక్కి, ముందు జనాన్ని పన్ను ఎగవేతదారులని తిట్టి, ఆ తర్వాత కొట్లాటకి దిగేవాడు. కోటీశ్వరుడు టెడ్ డిబియాసీతో జతకట్టాడు. పన్ను అధికారీ కోటీశ్వరుడూ ఒకే జట్టు! కల్పితం అని ఊరుకుంటున్నాం గానీ, రాసినవాడెవడో లోకజ్ఞానం ఉన్నవాడు. వీళ్ళకి ఎదురు హల్క్ హోగన్, బ్రూటస్ బీఫ్‌కేక్. రిఫరీ స్పృహ తప్పాడు. హోగన్ తన మిత్రుడి లోహపు ముఖకవచం తీసి ఇద్దర్నీ మోదాడు. ఇద్దరూ పడ్డారు. లెక్కపెట్టడానికి రిఫరీ లేడు. అప్పుడు హోగన్ మేనేజర్ జిమ్మీ హార్ట్ తన కోటు విప్పి తిరగేసి తొడుక్కున్నాడు. లోపలివైపు రిఫరీ చొక్కాలాగే తెలుపూ నలుపూ చారలు!

ఇక్కడ వీడియో ఆపాను. వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను. అతుకు ఎక్కడా కనపడదు, చారలన్నీ తిన్నగా ఉన్నాయి. అంటే ఇది అప్పటికప్పుడు పుట్టిన ఆలోచన కాదు. టైలరు దగ్గరికి ముందే వెళ్ళాడు. కొలతలిచ్చాడు. “లైనింగు ఏ రంగు వేయమంటారు?” అని టైలరు అడిగే ఉంటాడు. “రిఫరీ చారలు” అని ఈయన చెప్పే ఉంటాడు. ఆ టైలరు ఎవరు? ఎందుకు నోరు మెదపలేదు?

సరిగ్గా ఇదే సమస్య మీద నేను తలమునకలుగా ఉన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు జరిగింది. సెల్లారులో కుర్చీలు వేసి, లిఫ్టు రిపేరు లెక్కలు చదివారు. ఒకే మోటారుని ఏడాదిలో రెండుసార్లు కొన్నట్టు పక్క ఫ్లాటు రిటైర్డ్ మాస్టారు గొణిగారు. నేను ఫోన్‌లో ఆ కోటు బొమ్మను పెద్దది చేసి చూస్తున్నాను. “అందరికీ సమ్మతమేనా అండీ?” అన్నారు. సమ్మతమే అన్నాను. మాస్టారు నావైపు చూశారు. ఈ కోటు సంగతి ఆయనకి చెప్పినా అర్థం కాదు.

మొత్తానికి ఇంకో రిఫరీ వచ్చి హోగన్ జట్టు ఓడినట్టు ప్రకటించాడు. అయినా వాళ్ళు ఏమాత్రం నొచ్చుకోకుండా ఐఆర్ఎస్ బ్రీఫ్‌కేసు పగలగొట్టి, లోపలి ఇటుక పక్కనపెట్టి, నోట్లు తీసి జనంలోకి విసిరారు. ఓడినవాళ్ళు ఫలితం వచ్చాక డబ్బులు పంచడం మన ఓటర్లకి మింగుడుపడదు. ఒక నక్షత్రం, రెండు పాదాలు. కోటుకి విడిగా ఒక పాదం.

తర్వాత అండర్‌టేకర్, జెయింట్ గొంజాలెజ్. ఇక్కడ కమిషన్ తన గతసంబంధాన్ని వెల్లడించాల్సి ఉంది. చిన్నప్పుడు మా దగ్గర ట్రంప్ కార్డులుండేవి. హైట్, వెయిట్, చెస్ట్, బైసెప్స్, గెలిచిన ఫైట్లు. గొంజాలెజ్ కార్డు చేతిలో ఉంటే ‘హైట్’ అని అరిస్తే చాలు, ఎనిమిదడుగులు. ఎదుటివాడి కార్డు మనదే. యోకొజునా వస్తే ‘వెయిట్’. కమాలా కార్డు చూసి మా వీధి కమలమ్మ పిన్ని, “ఇదేంట్రా, వీడికి నా పేరెవరు పెట్టారు?” అని దెబ్బలాడింది. అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలని, ఆరు అయిపోయాయని మా బావ ఒట్టేసి చెప్పేవాడు. ఆ ఏడో ప్రాణం గురించి నేను టెన్షన్ పడినంత పదో తరగతి లెక్కల పరీక్షకి కూడా పడలేదు.

ఇప్పుడు మళ్ళీ చూస్తే ఏముంది? చావుదేవుడంతటి అండర్‌టేకర్ మిట్ట ఎండలో, రథం మీద, పక్కన ఒక రాబందుతో వచ్చాడు. ఆ మొత్తం షోలో తను ఎక్కడున్నదీ తెలిసినట్టు ముఖం పెట్టింది ఆ రాబందు ఒక్కటే. గొంజాలెజ్ ఒంటికి పట్టిన తొడుగు వేసుకున్నాడు. దాని మీద కండలు రంగులతో గీశారు, అక్కడక్కడా బొచ్చు అతికించారు. మా ఊరి తిరునాళ్ళలో ఆంజనేయుడి వేషం కట్టే ఆయన ఇంతకంటే శ్రద్ధగా కట్టేవాడు. ఏడున్నర నిమిషాల తర్వాత గొంజాలెజ్ గుడ్డకి క్లోరోఫాం పట్టించి అండర్‌టేకర్ ముక్కుకి అదిమాడు. అనర్హుడయ్యాడు. రెసిల్‌మేనియాల్లో వరసగా 21 సార్లు గెలిచి 2014లో గానీ ఓడని అండర్‌టేకర్‌కి, ఆ 21లో అనర్హత మీద వచ్చిన గెలుపు ఇదొక్కటే. నక్షత్రాలు లేవు. అమావాస్య.

గొంజాలెజ్‌ని మాత్రం ఏమీ అనబుద్ధి కాలేదు. అర్జెంటీనా జాతీయ జట్టుకి బాస్కెట్‌బాల్ ఆడిన మనిషి. ఆటగాడికి బొచ్చు అంటించి రాక్షసుణ్ణి చేశారు. 2010లో పోయాడు, 44 ఏళ్ళకి.

ఇక్కడే ఇంకో ఘోరం. బామ్ బామ్ బిగెలోకీ కమాలాకీ జరగాల్సిన మ్యాచ్‌ని టైము చాల్లేదని ఎత్తేశారు. ఒంటెకి టైముంది. ఏనుగుకి టైముంది. ఉగాండా యోధుడని చెప్పి మిసిసిపీ నుంచి రప్పించిన మనిషికి పది నిమిషాలు లేవు. కమలమ్మ పిన్ని ఉండి ఉంటే ఊరుకునేది కాదు.

ఇక ప్రధాన అభియోగం. ఛాంపియన్ బ్రెట్ హార్ట్ మీదికి యోకొజునా వచ్చాడు. ఈయన జపాన్ సుమో వీరుడని ప్రచారం, పుట్టుక సమోవా కుటుంబంలో. ప్రకటించిన బరువు 505 పౌండ్లు, అంటే రెండు క్వింటాళ్ళ పైమాటే. తొమ్మిది నిమిషాల లోపే బ్రెట్ ఆ కొండని బోర్లా తిప్పి, కాళ్ళు మెలేసి పట్టు బిగించాడు. అప్పుడు యోకొజునా మేనేజర్ ఫుజీ గుప్పెడు ఉప్పు తీసి బ్రెట్ కళ్ళలో కొట్టాడు. మనం కల్లుప్పు అని ఎందుకంటామో ఆ క్షణంలో బోధపడింది. బ్రెట్ పడ్డాడు, బెల్టు పోయింది.

సరే, కథ అన్నాక విలన్ గెలవచ్చు. కానీ అంతలో హోగన్ పరిగెత్తుకొచ్చాడు. మొదట పరామర్శ. చూపు లేని బ్రెట్‌ని పట్టుకుని రిఫరీతో వాదన. బరువు మోసి, అప్పుడే గెలిచి, చెమట కూడా ఆరని యోకొజునాతో ఇప్పుడే తలపడమని ఫుజీ హోగన్‌ని సవాలు చేశాడు! ఎవరడిగారు ఫుజీని? ఏ మేనేజరైనా చేతికొచ్చిన బెల్టుని పది నిమిషాలు కూడా ఇంట్లో పెట్టుకోకుండా పందెం కాస్తాడా? శకుని సైతం పాచికల్ని తనవైపే వేశాడు. హోగన్ రింగెక్కాడు. ఫుజీ మళ్ళీ ఉప్పు చల్లాడు, హోగన్ వంగాడు, ఉప్పు యోకొజునా కళ్ళలో పడింది. చాచిన చేత్తో ఒక దెబ్బ, గొంతు మీద కాలు, లెక్క. 22 సెకన్లు. మా ఇంట్లో ఉప్పుతో దిష్టి తీసి పొయ్యిలో వేయడానికి ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

ఫలితం ముందే రాసుకుంటారని కమిషన్‌కు తెలుసు. తెలియకేం? రాయబారం ఫలించదని తెలిసే మా తాతలు చాపలేసుకుని తెల్లవార్లూ నాటకం చూశారు. యుద్ధం ఆపలేదని కృష్ణుడి వేషగాణ్ణి ఎవరూ తప్పుపట్టలేదు. పద్యం మధ్యలో మింగేస్తే మాత్రం హార్మోనియం ఆయన తలెత్తి చూసేవాడు. లాస్ వేగస్‌లో పద్యం మింగేశారు. అదీ నా ఫిర్యాదు.

ఆ రాత్రి మా ఆవిడ మంచినీళ్ళకి లేచి వచ్చి కాసేపు నిలబడింది.

“ఏమండీ, ఆ లావాటాయన గెలిచాడా?”

“గెలిచాడు.”

“పోన్లెండి, అంత ఒళ్ళేసుకుని వచ్చాడు పాపం.”

“మళ్ళీ ఓడిపోయాడు.”

“ఇప్పుడేగా గెలిచాడన్నారు? మరి ఆ గులాబీరంగు డ్రెస్సాయన అంతసేపు ఎందుకు కష్టపడ్డట్టు?” అని, సీసా నింపుకుని వెళ్ళిపోయింది. నేను పదకొండు పేజీల్లో రాసింది అదే.

సాక్షుల్ని పిలుద్దామంటే యోకొజునా 2000లో, 34 ఏళ్ళకే పోయాడు. ఫుజీ 2016లో పోయాడు, హోగన్ 2025 జూలైలో. బ్రెట్ ఒక్కడున్నాడు, ఆయన ఫిర్యాదుదారు. 2023 సెప్టెంబర్ 8న ఈ కంపెనీ వారే గచ్చిబౌలి వచ్చి జాన్ సీనాని దించినప్పుడు, నిలదీసే అవకాశం ఉండింది. కానీ ఆ రోజు కమిషన్ కూడా గొంతు పోయేలా అరిచినట్టు తెలుస్తోంది.

ఇదిలా ఉండగా 1993 జూన్ 13న ఒహాయోలోని డేటన్‌లో హోగన్ ఆ బెల్టుని తిరిగి యోకొజునాకే పోగొట్టుకున్నాడు. రింగు పక్కన ఒక ఫొటోగ్రాఫర్ కెమెరా పేలి హోగన్ ముఖం మీదికి మంట కొట్టడంతో. కెమెరా ఎందుకు పేలింది, దాని బిల్లు ఎవరు కట్టారు అన్న విషయాలు తేలాల్సి ఉన్నందున కమిషన్ గడువును మరో ఆరు నెలలు పొడిగించడమైనది. జంతికలు అయిపోయాయి, చేగోడీలకు ప్రతిపాదన పంపాను.