ఐసీయూ గడియారం, రిఫండు గడియారం

వేసవి సెలవుల్లో అనంతపురం నుంచి బెంగళూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద పోయే కార్లలో రెండు రకాల కుటుంబాలు ఉంటాయి. ఒకటి సూట్‌కేసులు సర్దుకొని దేవనహళ్లి విమానాశ్రయానికి పోతుంటుంది. ఇంకొకటి స్కానింగ్ కవర్లు పట్టుకొని అక్కడి పెద్దాసుపత్రులు నిమ్హాన్స్‌కో, జయదేవకో, కిద్వాయ్‌కో పోతుంటుంది. ఈ రెండు ప్రయాణాలూ ఒకే ఇంటికి ఒకే వారంలో వచ్చి పడటం అంత అరుదేమీ కాదు. కాశీకో, కేరళకో రెండు నెలల ముందే టికెట్లు తీసి ఉంటారు. ఈలోగా పెద్దాయనకు పక్షవాతం వస్తుంది, లేదా అత్తకు చేయించిన బయాప్సీ రిపోర్టు చేతికొస్తుంది.

అప్పుడు బంధువులందరి నోటా వచ్చే మాట ఒకటే: "ముందు మనిషి సంగతి చూడండప్పా, టికెట్లదేముంది!" మంచి మాటే. కానీ దాన్ని పట్టుకొని టికెట్ల ఊసెత్తడం మానేసిన ఇళ్లే ఎక్కువ నష్టపోతున్నాయి. నా వాదన ఇది: ఇలాంటప్పుడు పోయే డబ్బులో పెద్ద వాటా నిర్ణయం ఆలస్యం కావడం వల్లే పోతుంది. ఆ ఆలస్యంలో మన మొహమాటం పాలు కొంత ఉంది. జబ్బు చేసి ఆగిపోయినవాణ్నీ, బుద్ధి మారి ఆగిపోయినవాణ్నీ ఒకే గాటన కట్టే రిఫండ్ నియమాల పాలు ఇంకొంత ఉంది.

రైలు టికెట్టే తీసుకుందాం. 2015 నవంబరులో రైల్వే తెచ్చిన పట్టిక ప్రకారం, రైలు బయల్దేరడానికి 48 గంటల ముందే కన్‌ఫర్మ్ టికెట్ రద్దు చేస్తే మనిషికి స్లీపర్‌లో 120 రూపాయలు, థర్డ్ ఏసీలో 180, సెకండ్ ఏసీలో 200 మాత్రమే కోత ఉండేది. ఏసీ తరగతులకు జీఎస్టీ అదనం. 48 నుంచి 12 గంటల మధ్య అయితే చార్జీలో నాలుగో వంతు, 12 నుంచి 4 గంటల మధ్య అయితే సగం పోయేది. ఆ తర్వాత ఏమీ వచ్చేది కాదు. కన్‌ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్‌కైతే ఎప్పుడు రద్దు చేసుకున్నా సున్నానే. (ఈ గడువులను రైల్వే మారుస్తూ ఉంటుంది, కొన్ని రైళ్లకు వేరే లెక్క ఉంటుంది. మీ టికెట్‌కు వర్తించేదేదో చూసుకున్నాకే లెక్క వేసుకోండి.) థర్డ్ ఏసీలో ఒక్కో టికెట్ 1,600 చొప్పున నలుగురికి 6,400 పెట్టారనుకుందాం. ఆ పట్టిక లెక్కన ముందే రద్దు చేస్తే పోయేది 720, పైన జీఎస్టీ. ఒకరోజు ముందు అయితే 1,600. ప్రయాణం రోజు పొద్దున అయితే 3,200. ఆఖరి గడువూ దాటాక చూస్తే మొత్తం పోయినట్టే.

ఇక ఆసుపత్రిలో ఏం జరుగుతుంది? ఐసీయూ బయట డాక్టరు చెప్పే మాట "48 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం" అనే. ఇంటివాళ్లు ఆ 48 గంటలు ఆశతో కూర్చుంటారు. రైల్వే గడువు ఆ పక్కనే కరిగిపోతుంటుంది. ఎవరికీ ఫోన్ తీసి క్యాన్సిల్ నొక్కే ధైర్యం ఉండదు. నొక్కితే ఆయన ఇక లేవడని మనమే ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. అపశకునమని బయటికి అనకపోయినా లోపల అదే ఉంటుంది. పైగా "మనిషి అక్కడ పడుంటే వీడికి టికెట్ల గోల" అని నలుగురూ అంటారేమోనన్న టెన్షన్ ఒకటి. ఆ నలుగురిలో ఒక్కరూ పోయిన టికెట్ డబ్బు ఇవ్వరు, అది వేరే విషయం.

అందుకే ఈ పని మంచం పక్కన కూర్చున్నవాళ్లకు పెట్టకూడదు. కొడుకు డాక్టర్లతో మాట్లాడుతుంటే, బావమరిదికో, చదువుకున్న మేనకోడలికో లాగిన్, ఓటీపీ వచ్చే ఫోన్ అప్పజెప్పి "నువ్వు చూసుకో" అనేయాలి. వాళ్లు కూడా అన్నీ ఒక్కరోజే తేల్చాలని పరుగులు పెట్టనక్కర్లేదు. అన్ని బుకింగులూ ఒకే వేగంతో విలువ కోల్పోవు. గంటగంటకూ కోత పెరిగేవి రైలు టికెట్లు, ఫలానా తేదీ దాకా ఉచిత రద్దు అని రాసి ఉన్న హోటల్ గదులు. వీటిని మొదటి రోజే చూడాలి. ఎలాగూ డబ్బు తిరిగిరాని తత్కాల్ టికెట్, నాన్ రిఫండబుల్ గది గురించి ఆరోజు బుర్ర పాడుచేసుకోవడం దండగ. మనిషి కోలుకుంటే అవే పనికి రావచ్చు కూడా.

విమానం టికెట్ మధ్యరకం. చాలా టికెట్లలో రద్దు చార్జీ ప్రయాణానికి కొద్ది రోజుల ముందు దాకా పెద్దగా మారదు, కాబట్టి ఆ గీత ఎక్కడుందో చదివి అక్కడి దాకా ఆగొచ్చు. సంస్థే విమానాన్ని రద్దు చేస్తే అప్పుడు పూర్తి డబ్బు అడిగే హక్కు మనది. ఇక్కడ ఏజెంట్లు తరచూ చెప్పే అబద్ధం ఒకటుంది: "ఆఫర్ టికెట్ సార్, రూపాయి కూడా రాదు." విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రద్దు చార్జీ మూల చార్జీ, ఇంధన సర్‌చార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటి విమానాశ్రయ రుసుములు, చట్టపరమైన పన్నులు ఆఫర్ టికెట్‌కైనా, అసలు విమానం ఎక్కకపోయినా తిరిగి ఇవ్వాల్సిందే. నలుగురి టికెట్ల మీద అది చిన్న మొత్తమేమీ కాదు.

హోటల్ విషయంలో యాప్‌తో గొడవ పడేకన్నా నేరుగా హోటల్‌కు ఫోన్ చేయడం మేలు. డబ్బు వెనక్కి ఇవ్వమంటే బిగుసుకునే మేనేజరు, తేదీ మార్చమంటే చాలాసార్లు ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాక దాన్ని మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాయించుకోవాలి.

మన జిల్లాల్లో ఇంకో రకం బుకింగ్ ఉంది, వెబ్‌సైట్లకు అందనిది. ఊళ్లో ఒకాయన బస్సు మాట్లాడి, వంటమనిషిని, గ్యాస్ సిలిండరును, బియ్యం మూటలను ఎక్కించుకొని కాశీకో రామేశ్వరానికో తీసుకుపోతాడు. రసీదు ఉండదు, ఫోన్‌పేలో వేసిన అడ్వాన్సే సాక్ష్యం. సీటు మానుకుంటే ఆయన చెప్పే మాట, "ఆ సీటు ఇంకొకరికి పోతే మీ డబ్బు మీకిచ్చేస్తా." నన్నడిగితే పెద్ద పోర్టళ్ల షరతుల కంటే ఇందులోనే న్యాయం ఎక్కువ. ఆయనకు నిజంగా ఎంత నష్టమొచ్చిందో అంతే పట్టుకుంటున్నాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెప్పేదీ దాదాపు ఇదే: ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా, దాన్ని మించకుండా, సమంజసమైన పరిహారమే దక్కుతుంది. గది మళ్లీ అమ్ముకొని మన దగ్గరా మొత్తం ఉంచుకున్న హోటల్‌ను ఈ ప్రశ్నే అడగాలి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. బుకింగ్‌కు చెల్లించిన మొత్తం 5 లక్షల దాకా ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. అయితే ఆసుపత్రి చుట్టూ తిరిగే మనిషికి కమిషన్ చుట్టూ తిరిగే ఓపిక ఎక్కడిది? ఈ హక్కు కాగితం మీద మిగిలేది అందుకే.

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్‌ది మరో కథ. రద్దు లేదు, తేదీ మార్పు లేదు, ఆధార్ పేరు మీద ఉంటుంది కాబట్టి ఇంకొకరికి ఇవ్వడానికీ లేదు. దళారులను అడ్డుకోవడానికి ఇది అవసరమేనని ఒప్పుకుంటాను. ఇక్కడ జనం ఆలోచన కూడా వేరు: ఇంట్లో జబ్బు ఉంటే ఆ దర్శనం మానుకోరు సరికదా, మొక్కు పేరుతో ఒకరైనా పోయి వస్తారు.

డబ్బు కంటే కష్టమైన ప్రశ్న, అసలు అందరూ ఆగాలా అన్నది. మంచం మీది మనిషి "మీరు పోయిరాండి, నాకేమయింది" అంటాడు. అది మనసులోంచి వచ్చిందో, మర్యాదకు అన్నదో ఇంటివాళ్లకే తెలియాలి. ఐసీయూలో ఉన్నప్పుడు ఈ చర్చే అనవసరం, ఆగిపోవాలి. కానీ డయాలసిస్ ఏళ్ల తరబడి నడుస్తుంది. కీమో చాలా రకాల్లో 21 రోజులకొకసారి ఉంటుంది. అన్నేళ్లూ పిల్లల సెలవులన్నీ రద్దు చేస్తూ పోవడం ఏ ఇంటికీ సాధ్యం కాదు. డాక్టరును "ఎట్లుంది సార్" అని అడిగితే "చూద్దాం" అంటాడు. "మే రెండో వారంలో ఇంట్లో ఒక్కరే ఉంటే సరిపోతుందా? ఆ రోజుల్లో ఇబ్బంది వచ్చే అవకాశం ఎంత?" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. రైలు టికెట్‌లో నలుగురిలో ఇద్దరివి మాత్రమే రద్దు చేసుకునే వీలుంది. కాకపోతే ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ కోడలే కావడం మీద ఇంట్లో ఒక్కసారైనా మాట్లాడుకోవాలి. కొడుకు పిల్లలను తీసుకొని ఊటీకి పోతే మంచి తండ్రి. కోడలు పోతే ఏమంటారో రాయనక్కర్లేదు.

బీమా ఉంది కదా అంటారు. ఐఆర్‌సీటీసీ టికెట్‌తో 45 పైసలకు ఇచ్చే బీమా రైలు ప్రమాదాలకే, ప్రయాణం రద్దుకు కాదు. రద్దు నష్టాన్ని భరించే ట్రావెల్ పాలసీలు వేరే ఉన్నాయి, దగ్గరి బంధువు ఆసుపత్రిలో చేరితే అవి పనికొస్తాయి. కానీ చాలా పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బులకు మినహాయింపు ఉంటుంది. బీపీ, షుగర్, పాత గుండెజబ్బు లేని డెబ్బై ఏళ్ల మనిషి మన ఇళ్లలో ఎంతమంది? రిపోర్టు వచ్చాక కొన్న పాలసీ ఎలాగూ చెల్లదు. బుకింగ్ రోజే ఆ ఒక్క షరతు చదివి, పెద్దవాళ్ల పాత జబ్బులకు వర్తించకపోతే ఆ డబ్బు పెట్టకపోవడమే నయం.

అందుకే నియమాల్లోనే మార్పు రావాలంటున్నాను. 2025 నవంబరులో డీజీసీఏ విడుదల చేసిన ముసాయిదాలో, వైద్య అత్యవసరం వల్ల రద్దు చేసుకుంటే విమానసంస్థ డబ్బు తిరిగి ఇవ్వొచ్చు, లేదా తర్వాతి ప్రయాణానికి జమ ఉంచొచ్చు అన్న ప్రస్తావన వచ్చింది. సంస్థ ఇష్టానికి వదిలేశారన్న లోటు ఉన్నా, కారణాన్ని లెక్కలోకి తీసుకోవడం మంచి మొదలు. రైల్వే పట్టిక చూసేది గడియారాన్నే. కనీసం ఐఆర్‌సీటీసీ టూర్ ప్యాకేజీలకు, హోటల్ పోర్టళ్లకు ఒక్కసారి ఉచితంగా తేదీ మార్చుకునే వీలు పెట్టినా చాలా ఇళ్లకు ఊరట.

దొంగ సర్టిఫికెట్లు వస్తాయి కదా అన్న అభ్యంతరం నిజమైనదే. ఏ సందులో అడిగినా మెడికల్ సర్టిఫికెట్ దొరుకుతుందని మనందరికీ తెలుసు. అందుకే సర్టిఫికెట్ వద్దు, ఇన్‌పేషెంటుగా చేరిన కాగితమో డిశ్చార్జి సమ్మరీనో అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరితే ఆ అనుమతి రికార్డు ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. అసలు చిక్కు ఇంకోచోట వస్తుంది, కుటుంబమంటే ఎవరన్న దగ్గర. కన్‌ఫర్మ్ టికెట్‌ను 24 గంటల ముందు ఇంకొకరి పేరుకు మార్పించుకోవడానికి రైల్వే ఒప్పుకునే జాబితాలో తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భర్త, భార్య ఉన్నారు. అత్తమామలు లేరు. రేపు వైద్య కారణాల రిఫండుకూ ఇదే జాబితాను ఎత్తి రాస్తే, అత్త కీమో కోసం టికెట్ వదులుకున్న కోడలి దరఖాస్తు మొదటి కౌంటర్‌లోనే వెనక్కి వస్తుంది.