డీపీ మార్చాం, ఇక మునిగినా ఫర్వాలేదు

తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ దగ్గర, గోదావరికి మహారాష్ట్ర ఒడ్డున ఉన్న మా సిరొంచ తాలూకా ఉద్యమ చరిత్రలో మొన్న ఇంకో ఘట్టం నమోదైంది. ఆ బ్యారేజీ నీళ్లలో మునిగి పరిహారం రాని పొలాల కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో అందరూ ఒకే పూట డీపీలు నల్లగా మార్చుకున్నారు. ఆ దెబ్బకు గడ్చిరోలి కలెక్టర్ ఆఫీసులో రాత్రంతా లైట్లు వెలుగుతూనే ఉన్నాయని ఒకాయన రాశాడు. అవి వీధి లైట్లేమో అని అడిగినాయన్ను గ్రూపులోంచి తీసేశారు. ఉద్యమంలో క్రమశిక్షణ ముఖ్యం మరి.

నలుపు ఊరికే ఖాయం కాలేదు. ఎరుపు పెడదామని ఎవరో అంటే, ఈ జిల్లాలో ఆ రంగు పెట్టుకుని ఎవరికి జవాబు చెప్పుకుంటారని పెద్దవాళ్లు గదమాయించారు. కాషాయం, నీలం పెడితే ఎవరో ఒకరు తమదనేస్తారు. గులాబీ మాట ఎత్తినవాడికి ఇప్పటికీ ఎవరూ సరిగా జవాబివ్వడం లేదు. బ్యారేజీ కట్టిన పార్టీ రంగు మా గ్రూపులోనా! ఇక రాయడం తెలుగులోనా మరాఠీలోనా అని మరో రాత్రి గడిచింది. చివరికి ఇంగ్లీషులో హ్యాష్‌ట్యాగ్ పెట్టారు. ఇటు రైతుకూ అటు తలాఠీకీ, అంటే ఊరి రెవెన్యూ ఉద్యోగికీ, అర్థం కాకుండా సమన్యాయం జరిగింది.

అసలు పోరాటం రీల్‌తో మొదలైంది. హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు వంతెన దాటి వచ్చాడు. వెంట డ్రోన్, మైకు, సంచీ మోయడానికి ఇంకో తమ్ముడు. వరద ఎక్కిన పత్తి చేను, గట్టు మీద ఒక తాత. అంతకంటే ఏం కావాలి?

"తాతా, కొంచెం కుడివైపు జరుగు. వెనక నీళ్లు కనపడాలి."

"ఎటు జరిగినా నీళ్లే కనపడతయి బిడ్డా."

"ఇప్పుడు చేను వైపు చూసి ఏడువు."

"నిన్ననే ఏడ్చిన."

"అది రికార్డు కాలేదు తాతా."

పాపం, పెద్దాయన ప్రయత్నించాడు. మబ్బు అడ్డం వచ్చింది, మళ్లీ. కుక్క మొరిగింది, మళ్లీ. ఆ తర్వాత తడిసిన పత్తి రెండు చేతులతో పైకెత్తమన్నారు, మెల్లగా. మెల్లగా అంటే ఇంకా మెల్లగా. ఎకరానికి ఎంత పోయింది తాతా అని అడగడమే తమ్ముడు చేసిన పొరపాటు. ఆయన విత్తనాల దగ్గర మొదలుపెట్టాడు. మందు బస్తాలు, సొసైటీ అప్పు, కూతురు కుదువబెట్టిన పుస్తెలు. పంట నష్టం పంచనామాకు వచ్చినాయన నీళ్ల కింద ఉన్న భూమిని ఎట్లా కొలవాలని అడిగి వెళ్లిపోయిన సంగతి. నీళ్లు దిగాక పిలిస్తే, ఇప్పుడు నీళ్లు లేవు కదా, మునిగినట్టు రుజువేదని అడిగిన సంగతి.

"అంత వద్దు తాతా, ముప్పై సెకన్లే."

రీల్ వచ్చింది. తాత గొంతు తీసేసి ఫ్లూట్ పెట్టారు. గోదావరి మీద పొద్దుగూకుతోంది, డ్రోన్ లేచింది, పత్తి మెల్లగా లేచింది. కింద కామెంట్లు: లొకేషన్ ఎక్కడ బ్రో? వీకెండ్‌కి ఫ్యామిలీతో రావచ్చా? బోటింగ్ ఉందా? గ్రూపులో పటాకులు ఒక్కటే తక్కువ, వైరల్ అయ్యామని.

ఫోన్లతో ఏమీ కాదని నేననను. 2011 జనవరి 28న ఈజిప్టు ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసింది. ఇంట్లో కూర్చుని ఏం జరుగుతోందో చూద్దామనుకున్నవాళ్లు కూడా చూడటానికి వీధిలోకి రావలసి వచ్చింది. ఫిబ్రవరి 11న అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాడు. మా దగ్గర నెట్ ఆపితే మావాళ్లు తెలంగాణ సిగ్నల్ కోసం ఏటి ఒడ్డుకు పోతారు. ఢిల్లీ సరిహద్దుకు ట్రాక్టర్లలో పోయిన రైతులకు మాత్రం ఫోన్లు లేవా? 2020 డిసెంబరులో వాళ్ల కిసాన్ ఏక్తా మోర్చా పేజీని ఫేస్‌బుక్ కాసేపు తీసేసింది. ఒక్కడూ ట్రాలీ దిగి ఇంటికి పోలేదు. పైగా 'ట్రాలీ టైమ్స్' అని కాగితం మీద పత్రిక అచ్చేసి పంచుకున్నారు. 2021 నవంబరు 19న సాగు చట్టాలు వెనక్కి తీసుకుంటామని ప్రధాని ప్రకటించేదాకా, ఒక చలికాలం దాటి రెండోది వచ్చేదాకా, అక్కడే ఉన్నారు. డీపీలు వాళ్లూ మార్చుకునే ఉంటారు, రొట్టెలు కాల్చుకుంటూ.

మా సంగతి చూడండి. మేడిగడ్డ నీటిమట్టం 100 మీటర్లకు ఒప్పుకుంటూ 2016 ఆగస్టు 23న ముంబైలో రెండు రాష్ట్రాల సంతకాలు. 2019 జూన్ 21న ప్రారంభానికి ముగ్గురు ముఖ్యమంత్రులు, 85 గేట్లు. వెనక్కి ఎగదన్నిన నీళ్లలో మిరప పోయింది, పత్తి పోయింది. రైతులు దీక్షలకు కూర్చున్నారు. అప్పుడు దేశానికి మేం కనపడలేదు. 2023 అక్టోబరు 21న బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. ఇక చూడండి! నవంబరు 2న రాహుల్ గాంధీ. 2024 ఫిబ్రవరి 13న ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రేవంత్ రెడ్డి. మార్చి 1న చలో మేడిగడ్డ అంటూ బీఆర్‌ఎస్. ప్రతి చానెల్‌లో ఆ పగుళ్లే. సిమెంటు దిమ్మెకు అంత పరామర్శా! అక్కడ నిలబడి తల ఇటు తిప్పితే చాలు, మా ఒడ్డు కనపడుతుంది. ఆ మాత్రం మెడ తిరగలేదా మీకు? పిల్లరు కుంగితే విచారణ కమిషన్, మనిషి కుంగితే ఏడుపు ఎమోజీ. పోనీ వాళ్లు బయటివాళ్లు. మా గ్రూపులో ఆ పగుళ్ల ఫొటోలు రోజంతా తిప్పిన పిల్లల్లో సగం మంది తండ్రుల సాత్‌బారాల్లో, అంటే భూమి కాగితాల్లో, ఉన్న పొలాలు ఆ నీళ్ల కిందివే. సిగ్గుండక్కర్లేదా?

పిల్లర్లు కుంగాక గేట్లెత్తారు. పోయిన పంటల లెక్క ఎవరూ ఎత్తలేదు.

నిన్న గ్రూపులో కొత్త ప్రతిపాదన వచ్చింది. డీపీ ఈసారి బూడిద రంగుకు మారుద్దామట, నలుపు మరీ తీవ్రంగా ఉందని. దాని మీద పోల్ నడుస్తోంది. ఈలోగా తహసీల్ ఆఫీసులో ఇవ్వడానికి సాత్‌బారాలూ పంచనామాలూ జిరాక్స్ తీయించాలి, మరాఠీలో అర్జీ రాయాలి, నడవలేని ఇద్దరు ముసలివాళ్లను బండి మీద తీసుకురావాలి. చేయగలిగినవాళ్లు గ్రూపులో చెప్పకండి. చెబితే బొటనవేళ్లు చూపిస్తారు. సోమవారం పొద్దున నేరుగా వచ్చేయండి.