పర్లాకిమిడి పిల్లలు ఫారం నింపే ముందు
టెన్త్ తర్వాత ఒడిశాలోని గజపతి జిల్లా తెలుగు పిల్లలకు పాతపట్నం దాటి ఆంధ్రాకి వెళ్లడమే దారి అని ఒక వ్యాసంలో రాశారు. అంత తొందరెందుకండీ? పర్లాకిమిడి ఊళ్లోనే 1896 నాటి ఎస్కేసీజీ (శ్రీ కృష్ణచంద్ర గజపతి) కాలేజీ ఉంది. ఒడిశాలో ప్లస్ టూ (మన ఇంటర్), ఐటీఐ దరఖాస్తులు రెండూ సర్కారు వారి ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్ శామ్స్‌లోనే.

అసలు చిక్కు పేరు దగ్గర. మనకు ఇంటిపేరు ముందు, ఒడిశా ఫారాల్లో చివర. ఆధార్‌లో పొడి అక్షరం, మెట్రిక్ (టెన్త్) సర్టిఫికెట్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటే సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోవచ్చు. మెట్రిక్‌లో ఉన్నట్టే ఆధార్‌ను ముందే దిద్దించండి.

ఐటీఐలో వెల్డర్ ట్రేడు (కోర్సు) ఏడాది, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు. సంస్థ బోర్డు చూసి ఫీజు కట్టకండి. మీరు చేరే ట్రేడుకే ఎన్సీవీటీ, అంటే జాతీయ స్థాయి గుర్తింపు ఉందో లేదో అడగండి. అది ఉంటే ఆ సర్టిఫికెట్ విశాఖలోనూ చెల్లుతుంది.

ఇంటర్ తర్వాత ఆంధ్రా కాలేజీల్లో స్థానికులకిచ్చే లోకల్ కోటా సీటు కావాలంటే మాత్రం అర్హత పరీక్షతో (ఇక్కడ ఇంటర్‌తో) కలిపి వరసగా నాలుగేళ్లు అక్కడే చదవాలి. ఇంటర్‌కి వెళ్తే రెండేళ్లే అవుతాయి, అది చాలదు. వెళ్లేదేదో తొమ్మిదో తరగతికే వెళ్లాలి. అలాగని ఒడియా వదిలేయకండి, ఒడిశా సర్కారు కొలువుకి అది అడుగుతారు.