మా కాలనీ పార్కు తాళంకప్ప గారికి

మహారాజశ్రీ తాళంకప్ప గారి దివ్యసముఖానికి,

ఇక్కడ గేటు బయట మేమంతా క్షేమం. తమరు గేటుకు వేలాడుతూ క్షేమమని తలుస్తాను. నిన్నటి వానకు తమరు తడవలేదని చూసి మనసు కుదుటపడింది. ఎవరో పుణ్యాత్ములు పాత సైకిలు ట్యూబు ముక్క కోసి తమరికి గొడుగులా కట్టారు. లోపల సిమెంటు బెంచీకి ఆ యోగం పట్టలేదు. దాని పగిలిన మూలలో నీళ్లు నిలిచి, గేటు సందులోంచి దోమలతో సహా దర్శనమిస్తున్నాయి.

బోర్డు మీద పొద్దున 5 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 8 అని రాసి ఉంది. మిగతా 17 గంటలు తమరి డ్యూటీ. కానీ తమరికీ బోర్డుకీ మాటల్లేనట్టున్నాయి. మామూలు రోజుల్లోనే ఆరున్నర దాటితే గానీ తమరు నోరు తెరవరు, వాచ్‌మన్ పక్క అపార్టుమెంటులో కార్లు తుడిచి రావాలి కదా. ఈ నెలలో అదీ లేదు. మొన్న అడిగాను.

"చాబీ ఏది?"

"సెక్రటరీ సార్ దగ్గరున్నది సార్."

"ఆయనెక్కడ?"

"అమెరికా పోయిండు సార్. బిడ్డ కాన్పు."

అట్లాంటా నుంచి తాళంచెవి ఎప్పుడొస్తుందని నిలదీసేంత కఠినాత్ముణ్ణి కాను. ఇంటికొచ్చేశాను.

అయితే తమరిలో దయాగుణం బొత్తిగా లేదనను. గొలుసు కాస్త వదులుగా ఉంది. రెండు రెక్కలూ తోస్తే జానెడు సందు వస్తుంది. పిల్లలు దూరతారు. మా ఎదురింటి సన్నటి కుర్రాడు కడుపు బిగబట్టి దూరి, అరగంట పరిగెత్తి, ఇంకాస్త సన్నబడి బయటికొస్తాడు. షుగరు, బీపీ, వాటికి తోడు ఈ పొట్ట, "రోజూ నలభై నిమిషాలు నడవండి" అన్న డాక్టరు చీటీ ఉన్న నేను మాత్రం బయటే. నడక ఎవరికి అక్కర్లేదో కొలతేసి మరీ వాళ్లనే లోపలికి పంపుతున్నారు తమరు. లోపల ఆకుపచ్చ, పసుపు రంగు యంత్రాల పక్కన "ఓపెన్ జిమ్" అని బోర్డు. ఆ మొదటి మాట సరిగ్గా తమరి ముఖంలోకే చూస్తూ ఉంటుంది. ఇద్దరికీ నవ్వెలా ఆగుతోందో!

ఈ నేల పుట్టుపూర్వోత్తరాలు తమరికి ఎవరూ చెప్పి ఉండరు. లేఅవుటు వేసేవాడు 10 శాతం భూమి ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడు రాసి ఊరి పాలకసంస్థకు అప్పగించాలని నిబంధన. డెవలపరేమీ దానకర్ణుడు కాడు. ఆ పదో వంతు ధరను మిగతా ప్లాట్ల మీద గజానికింత అని సర్దేశాడు. మా నాన్న 200 గజాలకు కట్టిన డబ్బులో ఆ వేపచెట్టు కింది మట్టి కూడా పిడికెడు ఉంది. పెళ్లికి గిఫ్టు తెచ్చినవాణ్ణి ఫంక్షన్ హాలు గేటు దగ్గరే ఆపేసినట్టుంది మా పరిస్థితి.

తమరు లేకపోతే ఈపాటికి ఇక్కడ నాలుగంతస్తులు లేచేవంటారు మా పెద్దలు. కాదనలేను. కబ్జాల్లోంచి చెరువులతో పాటు పార్కుల్నీ విడిపించడానికి 2024లో హైడ్రా అని ఏకంగా ఒక సంస్థనే పెట్టాల్సి వచ్చిన ఊరు ఇది. సరే, కబ్జాదారు లోపలికి రాలేదు. మేమూ రాలేదు. రాత్రి గోడ దూకే బృందం మాత్రం తమరిని పూచికపుల్లలా తీసిపారేస్తుంది. తెల్లారేసరికి జారుడుబండ కింద సీసాలు, పల్లీల పొట్లాలు, ఒకే ఒక్క చెప్పు. దూకే వయసు దాటినవాళ్ల మీదే తమరి ప్రతాపమంతా.

మన ఊరికి తోటల పిచ్చి లేదా అంటే, బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్, బాగ్‌లింగంపల్లి... నోరు తెరిస్తే తోటలే. 1846 నాటి పబ్లిక్ గార్డెన్స్‌కు బాగే ఆమ్ అని పేరు, అంటే జనసామాన్యం తోట. "ఆమ్" అన్న మాట గేటు మీద రాయాల్సినంత ముఖ్యమని అప్పటివాళ్లకు ఎందుకు తోచిందో! ఇందిరా పార్కు 76 ఎకరాలు. కానీ ఆ పేరు చెప్పగానే సగం మందికి చెట్లు కాదు, పక్కనున్న ధర్నా చౌకే గుర్తొస్తుంది. పార్కు బయట నిలబడి మొర పెట్టుకోవడం మనకు కొత్త కాదు లెండి.

మధ్యాహ్నం రెండింటికి తమరి పక్కన చూడండి. నిద్రగన్నేరు మొదలు లోపల, కొమ్మలు గోడ దాటి రోడ్డు మీద. ఆ కొమ్మల కింద బండికి స్టాండేసి, డెలివరీ కుర్రాడు సంచీ మీద తల పెట్టి నిద్రపోతుంటాడు. నాలుగడుగుల అవతల ఆరు బెంచీలు ఖాళీ. నీడ తమరి మాట విననందుకు ఆ చెట్టు మీద తమరికి కోపం ఉందేమో తెలియదు. కొమ్మలు నరికిస్తామని ఒక మాట అయితే వినబడుతోంది.

కాబట్టి తెరుచుకోమని అడిగే సాహసం చేయను. గొలుసు ఇంకో రెండు లింకులు వదులు చేయించండి చాలు. పొట్ట సంగతి నేను లోపలికొచ్చాక చూసుకుంటాను.

ఇట్లు,
గోడ చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్న తమరి విధేయుడు

తా.క.: సెక్రటరీ గారికి మనవరాలు పుట్టిందట, వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. ముద్దుగా ఉంది. తిరుగు టికెట్టు ఆరు నెలల తర్వాతట.