అమ్మాయిల ఐస్ హాకీని ఎవరు చూస్తారని అడిగేవాళ్లకు

అమ్మాయిల ఐస్ హాకీ గురించి నేను ఎప్పుడు మాట్లాడినా ఎవరో ఒకరు ఇదే ప్రశ్న వేస్తారు. "అసలు దాన్ని ఎవరు చూస్తారు?" ఇన్నాళ్లూ ఒకటి రెండు మాటల్లో జవాబు చెప్పి వదిలేసేదాన్ని. ఈసారి వదలను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. 2024 ఏప్రిల్ 20న కెనడాలో, మాంట్రియల్‌లోని బెల్ సెంటర్ స్టేడియంలో మాంట్రియల్, టొరంటో నగరాల మహిళల జట్లు ఆడుతుంటే చూడటానికి 21,105 మంది వచ్చారు. అప్పటిదాకా మహిళల ఐస్ హాకీ మ్యాచ్‌కి ప్రపంచంలో ఎక్కడా అంతమంది రాలేదు. ఆ రెండు జట్లు ఆడే ఉత్తర అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్ఎల్‌లో మొదటి మ్యాచ్ జరిగింది అదే ఏడాది జనవరి 1న. అంటే లీగ్‌కి నాలుగు నెలలు కూడా నిండలేదు. నాలుగు నెలల్లో ఇరవై ఒక్క వేల మందికి కొత్తగా ఇష్టం పుట్టుకురాదు కదా. వాళ్లు ముందు నుంచే ఉన్నారు. లేనిదల్లా పెద్ద స్టేడియం, టీవీలో ప్రసారం, వచ్చే ఏడాది కూడా ఈ జట్టు ఉంటుందన్న నమ్మకం.

ఇవి ఎందుకు లేవో తెలియాలంటే ఐస్ దగ్గర మొదలుపెట్టాలి.

ఖాళీ స్థలం కనిపిస్తే బంతి వేసి ఆడుకునే ఆట కాదిది. రింక్, అంటే ఐస్ పరిచిన మైదానం కావాలి. రింక్‌లో పిల్లలు ఆడగలిగే గంటలు, అంటే స్కూల్ అయ్యాక సాయంత్రం, సెలవు రోజుల్లో పగలు, చాలా తక్కువ. ఆ గంటల్ని పంచే పద్ధతి చాలాచోట్ల ఎలా ఉంటూ వచ్చిందంటే, పోయినేడు ఆ గంట ఎవరిదో ఈ ఏడు కూడా వాళ్లదే. వినడానికి ఇందులో ఎవరికీ అన్యాయం లేనట్టే ఉంటుంది. కానీ అబ్బాయిల క్లబ్బులు అమ్మాయిలకి దశాబ్దాల ముందే వచ్చాయి, మంచి గంటలన్నీ వాళ్ల పేరునే ఉన్నాయి. తర్వాత వచ్చిన అమ్మాయిలకి మిగిలింది రాత్రి పది, లేదా ఇంకా తెల్లారని వేళ. ఎవరూ అమ్మాయిల్ని పొమ్మని అనలేదు. ఆ గంటలు పంచే కాగితం మీద ఎక్కడా "ఆడపిల్లలు వద్దు" అని రాసి లేదు. అయినా వాళ్లని బయటికి పంపే పని జరిగిపోతుంది.

పన్నెండేళ్ల పాప రాత్రి పదింటికి ప్రాక్టీస్ చేసి, ఇంటికెళ్లి పడుకుని, పొద్దున్నే స్కూల్‌కి ఎన్నాళ్లు వెళ్తుంది? ఆ వేళప్పుడు తీసుకెళ్లి తీసుకొచ్చే అమ్మానాన్నలకి ఎంత ఓపిక ఉండాలి? ఒక ఏడాది చూసి మానేస్తుంది. ఆమె మానేయగానే "చూశారా, అమ్మాయిలకి ఇంట్రెస్ట్ ఉండదు" అంటారు. నా కోపమంతా ఆ ఒక్క మాట మీదే. 2009లో టొరంటోలో ఒక అమ్మాయిల హాకీ సంఘం ఇదే విషయం మీద నగర పాలక సంస్థని నిలదీసింది. ఐస్ పంచడంలో ఆడా మగా తేడా చూపకూడదన్న విధానం అక్కడ అప్పటికే ఉంది. కాగితం మీద ఉంది. దాన్ని అమలు చేయించుకోవడానికి కూడా వాళ్లు గొడవ పడాల్సి వచ్చింది.

మరి అబ్బాయిల జట్టులోనే ఆడొచ్చుగా అంటారు. ఆడారు. 1955లో టొరంటోలో ఆబీ హాఫ్‌మన్ అనే చిన్న పాప జుట్టు కత్తిరించుకుని, "ఆబ్" అని పేరు చెప్పుకుని అబ్బాయిల లీగ్‌లో చేరింది. ఆట చూసి ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె బాగా ఆడి మేటి ఆటగాళ్ల జట్టుకి ఎంపికైంది. బర్త్ సర్టిఫికెట్లు చూసినప్పుడు కానీ అమ్మాయని తెలియలేదు. పట్టించింది కాగితం. ఆమె తర్వాత పరుగు పందాల్లోకి వెళ్లి కెనడా తరఫున నాలుగు ఒలింపిక్స్‌లో పోటీ పడింది. ఆమె హాకీలోనే కొనసాగి ఉంటే ఎంతవరకు వెళ్లేదో ఇప్పుడు ఎవరం చెప్పలేం.

ముప్పై ఏళ్ల తర్వాత అదే టొరంటోలో జస్టిన్ బ్లెయినీ అనే అమ్మాయి అబ్బాయిల జట్టుకి సెలక్ట్ అయింది. ఆడనివ్వలేదు. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రపు మానవ హక్కుల చట్టం వివక్షని నిషేధించింది, కానీ ఆటల్లో ఆడామగా తేడా చూపడానికి మాత్రం అదే చట్టంలో మినహాయింపు ఇచ్చారు! ఆ మినహాయింపు చెల్లదని 1986లో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత కూడా ఇంకో ఏడాది పోరాడితే కానీ ఆమెకి ఆడే వీలు దొరకలేదు. ఒక పిల్లకి హాకీ ఆడటం కోసం తన టీనేజ్‌లో ఏళ్లకి ఏళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. అబ్బాయికైతే ఫీజు కట్టి, స్కేట్లు కొనిస్తే సరిపోయేది.

ఇంకో వాదన ఉంది. మహిళల హాకీలో పోటీ లేదు, ఎప్పుడూ కెనడా, అమెరికాలే గెలుస్తాయి అని. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కెనడా మహిళలు స్లొవేకియాని 18-0తో ఓడించారు. అప్పుడు ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు జాక్ రొగ్ పరిస్థితి మెరుగుపడకపోతే ఇలా కొనసాగించలేమని హెచ్చరించాడు. మహిళల ఐస్ హాకీ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1998లో, జపాన్‌లోని నగానోలో. పన్నెండేళ్లకే ఆ హెచ్చరిక వచ్చింది. మగవాళ్ల ఐస్ హాకీ 1920 నుంచి ఉంది. 1924 ఒలింపిక్స్‌లో, ఫ్రాన్స్‌లోని షామొనీలో కెనడా మగవాళ్ల జట్టు చెకోస్లొవేకియాని 30-0తో, స్వీడన్‌ని 22-0తో, స్విట్జర్లాండ్‌ని 33-0తో ఓడించింది. ఆట ఆపేయలేదు. ఆ దేశాలకి నేర్చుకునే టైమ్ దొరికింది. అదే స్వీడన్, అదే చెకోస్లొవేకియా తర్వాత ప్రపంచ చాంపియన్లయ్యాయి. అమ్మాయిలకి కూడా అంత టైమ్ ఇవ్వండి, అంతే అడుగుతున్నాను.

అదే వాంకూవర్‌లో బంగారు పతకం గెలిచాక, ప్రేక్షకులంతా వెళ్లిపోయాక, కెనడా అమ్మాయిలు ఐస్ మీద సిగార్లు కాల్చి, బీరు తాగి సంబరం చేసుకున్నారు. అది పెద్ద వార్త అయింది. అక్కడి హాకీ సంఘం, హాకీ కెనడా, క్షమాపణ చెప్పింది. డ్రెస్సింగ్ రూమ్‌లో షాంపేన్, సిగార్లతో సంబరం చేసుకునే మగ జట్ల ఫొటోలని మనం ఎన్నేళ్లుగా ముచ్చటపడి చూస్తున్నాం!

"అమ్మాయిల హాకీలో దెబ్బలాట లేదు, మెత్తగా ఉంటుంది" అనేవాళ్లకి ఒక మాట. 1990లో ఒటావాలో జరిగిన మొదటి మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో బాడీ చెకింగ్, అంటే పక్ కోసం ఎదుటివాళ్లని ఒంటితో గుద్దడం, ఉంది. దాన్ని తర్వాత తీసేశారు. తీసేసింది ఆటని నడిపేవాళ్లు, మాట పడుతున్నది ఆడేవాళ్లు. స్వీడన్ మహిళల లీగ్ 2022లో మళ్లీ అనుమతించింది, అమ్మాయిలు హాయిగా ఆడుతున్నారు.

ఇక డబ్బు. ఇక్కడ కొంచెం సేపు ఆగుతాను, ఎందుకంటే నన్ను బాగా కదిలించిన ఘటన ఇందులోనే ఉంది.

అమెరికా మహిళల జట్టు ప్రపంచంలోనే మేటి జట్లలో ఒకటి. ఒలింపిక్స్ ముందు ఆరు నెలలు మాత్రమే వాళ్ల ఫెడరేషన్ నెలకి 1,000 డాలర్లు ఇచ్చేది. నాలుగేళ్లలో మొత్తం 6,000 డాలర్లు అన్నమాట. మిగతా కాలమంతా దాదాపు ఏమీ లేదు. జట్టులో సగం మంది దాకా ఇంకో ఉద్యోగం చేసుకుంటూ దేశం కోసం ఆడేవాళ్లు. 2017 మార్చి 15న వాళ్లు ఒక నిర్ణయం ప్రకటించారు. సొంత దేశంలో, మిషిగన్‌లో, రెండు వారాల్లో మొదలయ్యే ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడం. టైటిల్ వాళ్ల చేతిలోనే ఉంది. అయినా ఆడం అన్నారు.

ఫెడరేషన్ వాళ్ల బదులు వేరేవాళ్లని వెతకడం మొదలుపెట్టింది. కాలేజీ అమ్మాయిలకి, చివరికి హైస్కూల్ అమ్మాయిలకి కూడా కబురు వెళ్లింది. ఒక్కసారి ఊహించండి. పదహారు, పదిహేడేళ్ల పిల్ల. చిన్నప్పటి నుంచి దేశం జెర్సీ వేసుకోవాలని కలలు కన్న పిల్ల. ఫోన్ వచ్చింది, వస్తావా అని. ఒకరి తర్వాత ఒకరు, మేం రాము అన్నారు. ఆ వార్తలు చదువుతూ నేను ఏడ్చాను. ఆ పిల్లల్లో చాలామందికి ఆ ఫోన్ మళ్లీ జన్మలో రాదు, అది తెలిసే వాళ్లు వద్దన్నారు. మార్చి 28న ఒప్పందం కుదిరింది. ప్రయాణం, ఇన్సూరెన్స్ మగవాళ్ల జట్టుతో సమానం చేశారు. ఏప్రిల్ 7న ఫైనల్లో ఓవర్‌టైమ్‌లో హిలరీ నైట్ గోల్ కొట్టింది, కెనడా మీద 3-2తో గెలిచారు. మరుసటి ఏడాది ఒలింపిక్ బంగారం కూడా వాళ్లదే.

రెండేళ్ల తర్వాత స్వీడన్ జట్టు కూడా ఇలాగే శిక్షణ శిబిరానికి వెళ్లనంది. అదే 2019లో కెనడాలో పన్నెండేళ్లు నడిచిన సీడబ్ల్యూహెచ్ఎల్ అనే మహిళల లీగ్, ఫైనల్ జరిగిన వారానికి, ఇక మూసేస్తున్నామని ప్రకటించింది. ఆ లీగ్ మొదటి పదేళ్లు ఆడేవాళ్లకి జీతమే ఇవ్వలేదు. అప్పుడు రెండు వందల మందికి పైగా అమ్మాయిలు కలిసి, బతకడానికి సరిపడే జీతం, ఇన్సూరెన్స్ ఇచ్చే లీగ్ వచ్చేదాకా ఉత్తర అమెరికాలో ఏ లీగ్‌లోనూ ఆడం అన్నారు. కొందరి కెరీర్‌లో మంచి వయసు ఆ ఎదురుచూపులోనే కరిగిపోయింది. బెల్ సెంటర్‌లో 21,105 మంది కూర్చున్నది వాళ్లు వదులుకున్న ఆ ఏళ్ల మీద.

ఇప్పుడున్న లీగ్ కూడా స్వర్గం కాదు. మొదటి సీజన్‌లో కనీస జీతం 35,000 డాలర్లు. మగవాళ్ల పెద్ద లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో అప్పుడు కనీస జీతం 7,75,000 డాలర్లు. ఎన్‌హెచ్ఎల్‌కి ఆదాయం ఎక్కువ, జీతం ఎక్కువ ఉంటుంది, అది నాకు తెలుసు. రేపటికల్లా రెండూ సమానం చేయమని నేను అడగడం లేదు. నేను అడిగేది ఐస్, కోచ్, డాక్టర్, మాట తప్పని షెడ్యూల్. 2021లో కెనడాలోని నోవా స్కోషియాలో మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌ని కోవిడ్ వల్ల రెండు వారాల ముందు రద్దు చేసి ఆగస్టుకి నెట్టారు. అదే వసంతంలో మగవాళ్ల టోర్నమెంట్ లాట్వియాలోని రీగాలో, అండర్-18 అబ్బాయిల టోర్నమెంట్ టెక్సస్‌లో జరిగాయి. రోగం నిజమే. కానీ ఏ టోర్నమెంట్‌ని ఎలాగైనా జరిపి తీరాలని పట్టుబట్టారో, దేన్ని సులువుగా వాయిదా వేశారో చూస్తే మనసు కలుక్కుమంటుంది.

కాబట్టి ఎవరు చూస్తారని ఈసారి నన్ను అడిగే ముందు ఒక పని చేయండి. మీకు తెలిసిన ఏ రింక్‌కైనా ఫోన్ చేసి, అక్కడ అమ్మాయిల జట్టుకి ఐస్ ఎన్ని గంటలకి ఇస్తున్నారో కనుక్కోండి. అబ్బాయిలకి ఎన్ని గంటలకో కూడా అడగండి. ఆ రెండు టైమ్‌లు నాకు రాసి పంపండి, అప్పుడు మాట్లాడుకుందాం.