అరవై నాలుగు మందికి ఒక జిల్లా

జనం ఎక్కువై పాలన పాడైపోతోందని మన మండలాఫీసుల వరండాల్లో రోజూ వినిపించే మాటే. దీనికి విరుగుడు పశ్చిమ టెక్సస్‌లో ఎప్పుడో కనిపెట్టేశారు. ఆ ఊరి పేరు మెంటోన్. లవింగ్ కౌంటీకి, అంటే అక్కడి లెక్కలో జిల్లాకి, అదే కేంద్రం, ఉన్న ఊరూ అదొక్కటే. కౌంటీ విస్తీర్ణం 1,750 చదరపు కిలోమీటర్ల పైమాటే, మన హైదరాబాద్ జిల్లాలు ఎనిమిది పడతాయి. 2020 జనగణనలో తేలిన జనాభా 64. పక్కన వేలో లక్షలో రాయడం మరిచారేమోనని వెతక్కండి. 64, అంతే. మన తెలంగాణలో 2018లో తండాను పంచాయతీ చేయడానికే 500 మంది కావాలన్నారు. ఎంత దుబారా!

ఈ కౌంటీ పుట్టుకే ఆదర్శప్రాయం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనం ఎగతాళిగా అంటాం. వాళ్లు దాన్ని చేసి చూపించారు. 1890 జనగణనలో అక్కడ ఉన్నది ముగ్గురు. మూడేళ్లు తిరిగేసరికి, అంటే 1893లో, మాకు కౌంటీ కావాలంటూ 150 మంది సంతకాలతో అర్జీ వెళ్లింది. పెకోస్ నది నీళ్లతో కాలువ తవ్విస్తామంటూ డెన్వర్ నుంచి దిగిన పెద్దమనుషుల చలవ అది. ఎన్నికలూ జరిగాయి, పదవులూ వచ్చాయి. తర్వాత ఆరా తీస్తే ఓటర్లలో చాలామంది కాగితం మీద తప్ప మరెక్కడా పుట్టలేదని తేలింది. పదవుల్లో ఉన్నవాళ్లు పరారయ్యారు. 1897లో ప్రభుత్వం కౌంటీని రద్దు చేసి, పక్కనున్న రీవ్స్ కౌంటీకి తగిలించింది. 1925లో నేల కింద చమురు దొరికాక అందరికీ మళ్లీ ప్రజాసేవ గుర్తొచ్చింది. 1931లో కౌంటీని రెండోసారి ఏర్పాటు చేశారు. కోర్టు భవనం 1935 నాటిది.

ఇక పదవుల సంగతి. జనం తగ్గారని కుర్చీలు తగ్గించే అల్పబుద్ధి టెక్సస్ రాజ్యాంగానికి లేదు. కౌంటీ జడ్జి ఒకరు. పేరుకే జడ్జి, పని చాలావరకు కలెక్టర్‌ది. లా చదివి ఉండాలన్న షరతు లేదు, చట్టం తెలిసినవాడైతే చాలు. ఆయన పక్కన నలుగురు కమిషనర్లు. ఆపైన షెరిఫ్ అనే పోలీసు పెద్ద, క్లర్కు, ఖజానాదారు, కౌంటీ న్యాయవాది వగైరా. వీళ్లంతా ఎన్నికల్లో గెలిచి రావాల్సినవాళ్లే. పొదుపు కోసం చిన్న సవరణ ఉంది: పదివేల లోపు జనాభా ఉన్న కౌంటీలో పన్ను వసూలు కూడా షెరిఫ్‌దే. లాఠీ, రసీదు పుస్తకం ఒకే చేతిలో ఉంటే బకాయిలెందుకుంటాయి?

కమిషనర్ల వార్డుల లెక్క ఇంకా ముచ్చటైనది. నాలుగు వార్డుల్లోనూ జనాభా ఇంచుమించు సమానంగా ఉండాలని 1968లోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు వెళ్లింది కూడా అదే చమురు సీమలోని మిడ్‌లాండ్ కౌంటీ నుంచే. లవింగ్‌లో 64ని నాలుగుతో భాగిస్తే వార్డుకు పదహారు మంది. ఓ ఇంట్లో కవలలు పుడితే సమతూకం పోయినట్టే. అక్కడ కుటుంబ నియంత్రణ రాజ్యాంగ విషయం.

ఇంత సంసారానికి డబ్బెక్కడిదంటారా? టెక్సస్‌లో భూమి కింది చమురు హక్కులు కూడా ఆస్తిపన్ను కిందికే వస్తాయి. ఏటా జనవరి 1 నాటి విలువ కట్టి పన్ను వేస్తారు. అందుకే ధర పడితే ఆ దెబ్బ ఖజానాకు ఆలస్యంగా తగులుతుంది, పాత లెక్కతో బడ్జెట్ వేసుకున్నవాడు తర్వాతి ఏడాది నాలుక కరుచుకుంటాడు. పన్ను కట్టేవి కంపెనీలు, ఓటేసేది 64 మంది. పన్ను పెంచారని కోప్పడే వాడికి ఓటుండదు, ఓటున్న వాడికి కోపం రాదు. ఏ ప్రభుత్వానికైనా ఇంతకంటే ఏం కావాలి?

ఊళ్లో బడి లేదు. పిల్లలు పక్క కౌంటీలోని వింక్‌కు వెళ్తారు. ఆసుపత్రి లేదు. చమురు లారీలు మాత్రం 302 నంబరు రోడ్డు మీద బారులు తీరి వెళ్తుంటాయి.

శాంతిభద్రతలా? టెక్సస్‌లో ఎన్నికల్లో గెలిచిన మొదటి మహిళా షెరిఫ్ ఇక్కడివారే, 1945లో ఎడ్నా రీడ్ డివీస్. ఆవిడ తుపాకీ పట్టలేదని, హయాం మొత్తంలో చేసిన అరెస్టులు రెండేనని చెబుతారు. నేరం చేయడానికైనా ఇద్దరు ఎదురుపడాలి కదా.

చిక్కల్లా జూరీతోనే. జూరీ అంటే కోర్టులో కూర్చుని నిందితుడు దోషా కాదా తేల్చే మామూలు జనం. పెద్ద నేరమైతే అలాంటి జూరర్లు పన్నెండు మంది కావాలి. నిందితుడికి మేనమామ, మేనల్లుడి వరుసలోపు చుట్టమైతే అభ్యంతరం చెప్పి తీసేయొచ్చు. 64 మందిలోంచి పసిపిల్లల్ని, ముద్దాయిని, వాడి మేనమామల్ని తీసేశాక పన్నెండు మందిని పోగెయ్యడం పెళ్లి సంబంధం కుదర్చడం కంటే కష్టం.

ఓట్లకు మాత్రం ఆ కరువు లేదు. 2020 అధ్యక్ష ఎన్నికల్లో ఇక్కడ పోలైన ఓట్లు 66. పసిపిల్లలతో కలిపి జనం 64, ఓట్లు 66! దొంగ ఓట్లని తొందరపడకండి. తాత్కాలికంగా ఊరొదిలి ఎక్కడున్నా తిరిగి రావాలన్న ఉద్దేశం మనసులో ఉంటే టెక్సస్ చట్టం దాన్ని నివాసంగానే లెక్కిస్తుంది. కూకట్‌పల్లిలో ఫ్లాటు, భీమవరంలో ఓటు ఉన్న మనవాళ్లకు ఈ సూత్రం విడమరిచి చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. మనవాళ్లు ఓటేసి రాత్రి బస్సెక్కేస్తారు. లవింగ్ వాళ్లకు ఓటుతో పాటు జూరీ పిలుపు కూడా వస్తుంది. 2022లో అలా పిలిస్తే బుద్ధిగా కోర్టుకొచ్చిన కొందరిని, అసలు మీరీ కౌంటీలో ఉండటమే లేదంటూ ఓ న్యాయాధికారి అక్కడికక్కడే అరెస్టు చేయించారు.