పందికి లైసెన్స్ అక్కర్లేదు, మీకు కావాలి

అడవి పందిని చంపడానికి టెక్సస్ రాష్ట్రం ఇచ్చినన్ని అనుమతులు మనుషులు బతకడానికి కూడా ఎక్కడా ఇచ్చి ఉండరు. సీజన్ లేదు, ఏడాది పొడవునా కొట్టొచ్చు. మనిషికి ఇన్ని అన్న లెక్క లేదు. ఆడా మగా, చిన్నా పెద్దా తేడా లేదు. ప్రైవేటు భూమిలో రాత్రీ పగలూ ఒకటే. 2011లో హెలికాప్టర్లోంచి కాల్చుకోండని చట్టం చేశారు. ఆకాశంలో ఇంకా ఖాళీ మిగిలిందనుకున్నారేమో, 2017లో వేడిగాలి బెలూన్లోంచి కూడా కానివ్వమన్నారు. ఆఖరికి 2019 సెప్టెంబరు 1 నుంచి, ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే పంది వేటకు లైసెన్సే అక్కర్లేదని తేల్చేశారు.

ఈ ఆఖరి వాక్యం చెవిన పడగానే టెక్సస్‌లో మనవాళ్ళుండే ఫ్రిస్కోలోనో కేటీలోనో ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు లోగో, తర్వాత టీషర్టులు, ఆ తర్వాత మాంసం ఎవరి పెరట్లో వండాలన్న దాని మీద పోలింగు. తుపాకీ సంగతి అడిగితే "ఆఫీసులో మా కొలీగ్ దగ్గర నాలుగున్నాయి, ఒకటి ఇస్తాడు" అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. గ్రూపులో పన్నెండు మంది ఉంటే పది మంది హెచ్-1బీ, ఒకరు హెచ్-4, ఇంకొకరు ఎఫ్-1. వీళ్ళందరూ కలిసి ఒక ఫెడరల్ నేరానికి టీషర్టులు కుట్టించుకున్న సంగతి వాళ్ళకింకా తెలియదు.

విషయం ఇదీ. పందిని చంపడానికి లైసెన్స్ కావాలా వద్దా అన్నది రాష్ట్రం చెబుతుంది. తుపాకీ ఎవరు పట్టుకోవచ్చో ఫెడరల్ చట్టం కూడా చెబుతుంది, అదీ వేరే పుస్తకంలో. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా (హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 అన్నీ అవే) మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోరాదని 18వ టైటిల్, 922వ సెక్షన్. శిక్ష గరిష్ఠంగా 15 ఏళ్ళు. 2022 దాకా ఇది పదేళ్ళే, తర్వాత పెంచారు. ఇదే సెక్షన్‌లో కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనకు అక్కరకొచ్చేది ఒక్కటి: అమెరికాలో జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉండటం.

అంటే లైసెన్స్ అక్కర్లేని జంతువును కాల్చడానికి మీరు లైసెన్స్ తీసుకోవాలి. పంది కోసం కాదు, మీ కోసం. టెక్సస్‌లో పుట్టిన పక్కింటాయన ఖాళీ జేబుతో వెళ్ళి పందిని కొట్టి రావచ్చు. అదే పొలంలో, అదే పందిని, అదే తుపాకీతో మీరు కొడితే పంది వరకు అంతా సక్రమమే. నేరం మీ చేతిలో ఉంది.

పందికి ఈ తలనొప్పులేవీ లేవు. దాని పూర్వీకులు 1539లో స్పెయిన్ దండయాత్రికుడు డి సోటో ఓడల్లో ఫ్లోరిడాలో దిగారు. ఐ-94 అనే ప్రవేశపు రికార్డు లేదు, స్టాంపింగు లేదు, లాటరీ లేదు. ఏడాది నిండకుండానే ఈనడం మొదలుపెడుతుంది, చూలు 115 రోజులకు కాస్త అటూ ఇటూ, ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు మామూలు. పుట్టిన ప్రతి పిల్లా ఇక్కడిదే. పదేళ్ళుగా గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డ మనిషి దాన్ని చూసి అసూయపడితే తప్పు పట్టలేం గానీ, ఆ అసూయతో లైసెన్స్ లేకుండా కాల్చడం మాత్రం కుదరదు.

లైసెన్స్ తీసుకోవడం కష్టమేమీ కాదు, అందుకే ఎవరూ తీసుకోరు. టెక్సస్‌లో ఎడతెగకుండా ఆరు నెలలకు పైగా ఉంటే వీసా ఏదైనా వేట లైసెన్స్ లెక్కలో మీరు రాష్ట్రవాసి కిందే. మామూలు రెసిడెంట్ లైసెన్స్ 25 డాలర్లు. బయటి రాష్ట్రం నుంచి వచ్చే బావమరిదికి జనరల్ లైసెన్స్ 315, అయిదు రోజుల ప్రత్యేక లైసెన్స్ 48. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేయాలి. కోర్సు ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఏడాదికోసారి ఆఫీసు కంప్లయన్స్ వీడియోను మ్యూట్‌లో పెట్టి నెక్స్ట్ నొక్కే అలవాటున్నవాళ్ళు ఈ ఒక్కదాన్నయినా చూడాలి. కంచె దాటేటప్పుడు నిండిన తుపాకీ ఎలా పట్టుకోవాలన్న ప్రశ్నకు సరైన జవాబు, అసలు నింపి దాటకూడదన్నది.

లైసెన్స్‌లోని అసలు మెలిక గడువు. ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో తీరిపోతుంది. కొత్త ఏడాదివి ఆగస్టు మధ్య నుంచే అమ్ముతారు. కొనడం మర్చిపోయి మీరు పడుకున్నారనుకోండి, అల్మారాలో ఉన్న రైఫిల్ అర్ధరాత్రి దాటగానే సాక్ష్యంగా మారుతుంది. తుపాకీ కదల్లేదు, మీరూ కదల్లేదు, కదిలింది క్యాలెండరే. రైఫిల్ మీ పేరున లేకపోయినా పెద్దగా ఊరట లేదు, చట్టం అడిగేది ఎవరు కొన్నారని కాదు, ఎవరి అధీనంలో ఉందని. లైసెన్స్ ఆయనకుండి ఆవిడకు లేనప్పుడు, సేఫ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందన్నది కాపురంలో కొత్త చర్చాంశం. షూటింగ్ రేంజిలో గంటకు అద్దెకు తీసుకున్నా ఇదే చట్టం, అక్కడ పంది లేకపోయినా సరే. ఉదారంగా తుపాకీ చేతికిచ్చిన కొలీగ్ కూడా, మీ వీసా సంగతి తెలిసి ఇచ్చి ఉంటే, ఆ పదిహేనేళ్ళలో వాటాదారే. ఇక ఉద్యోగం పోయి, గ్రేస్ పీరియడ్ దాటి, స్టేటస్ కూడా పోతే వేట లైసెన్స్ ఎన్ని ఉన్నా కాపాడవు. ఆ మినహాయింపు చట్టబద్ధంగా ఉంటున్నవాళ్ళకే. తుపాకీ కేసు దేశం నుంచి పంపించేయడానికి చాలినంత కారణం కూడాను. కాబట్టి టీషర్టులకు పెట్టిన డబ్బులో కొంత ముందే ఇమ్మిగ్రేషన్ లాయరుకు పెట్టడం మేలు.

విల్లు, క్రాస్‌బో ఫెడరల్ లెక్కలో ఫైర్‌ఆర్మ్‌లు కావు. ఈ సంగతి గ్రూపులో పెడితే అందరూ థంబ్స్‌అప్ ఇస్తారు. పందికి ఇరవై గజాల దూరంలో కూర్చోవాలని చెప్పగానే ఆ వారాంతం అందరికీ పిల్లల పుట్టినరోజులుంటాయి.

అనుమతి విషయం. "ఏం పర్లేదు వచ్చెయ్యండి" అన్న ఫోను మాట మీద ఆధారపడొద్దు. యజమాని పేరు, సంతకం, తేదీలు, ఎంతమంది, ఏ గేటు, ఏ జంతువు, రాత్రి కూడానా అన్నవి కాగితం మీద ఉంటే మేలు. పశువుల మేతకు కౌలుకు తీసుకున్న ఆసామీ రమ్మన్నాడంటే యజమాని రమ్మన్నట్టు కాదు. చెట్ల మీద ఊదారంగు పట్టీలు కనిపిస్తే ఎవరో హోలీ ఆడారనుకోవద్దు. నిలువుగా, కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటే, లోపలికి రావద్దన్న బోర్డుతో టెక్సస్‌లో సమానం. పక్క పొలంలోకి పరిగెత్తిన గాయపడ్డ పంది ఆ గీతలు చదవదు, మీరు చదవాలి. ప్రభుత్వ భూముల్లో అయితే కథ మళ్ళీ మొదటికి. అక్కడ పందికైనా లైసెన్స్ ఉండాలి, చాలా చోట్ల దానికి తోడు 48 డాలర్ల వార్షిక పర్మిటూ, ఆరెంజ్ చొక్కా టోపీలూ. ఏ తేదీల్లో, ఏ ఆయుధంతో అన్నది ఒక్కో అడవికి ఒక్కో తీరు.

వేరే రాష్ట్రాలకు ఇదే ధీమాతో వెళ్ళకండి. కాన్సస్‌లో పందుల వినోద వేటే నిషేధం, 2006 నుంచి. టెనెసీ 1999లో రాష్ట్రమంతా సీజన్ తెరిచింది. 15 కౌంటీల్లో ఉన్న పందులు తర్వాతి పదేళ్ళ చిల్లరలో 80 కౌంటీలకు పాకాయి. వేటగాళ్ళు చంపిన వాటికంటే, వేట కోసం లారీల్లో తెచ్చి వదిలినవే ఎక్కువ పని చేశాయన్నమాట. 2011లో అక్కడా కట్టేశారు. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి పంది పందికీ ట్యాగ్ కొనే పద్ధతి పోయి ఏడాదికో వ్యాలిడేషన్ అనే అనుమతి వచ్చింది, లైసెన్స్ మాత్రం ఉండాల్సిందే.

కాగితాలన్నీ కుదిరాక ఎర. ఇది మన జనం సునాయాసంగా చేయగల భాగం, ఎందుకంటే పులియబెట్టడమే. అయిదు గ్యాలన్ల బకెట్టులో మూడింట రెండు వంతులు ఎండు మొక్కజొన్న గింజలు, రెండంగుళాలు మునిగేలా నీళ్ళు, గుప్పెడు పంచదార, ఒక చిన్న ప్యాకెట్ ఈస్టు. మూత బిగించకూడదు. బిగిస్తే గ్యాసు నిండి, గరాజ్‌లో మూత సీలింగుకు తగులుతుంది, దాని వెనకాలే గింజలూ వాసనా. ఎండలో నాలుగైదు రోజులకు నురగ లేచి, కల్లు కుండలో ఎలుక చచ్చినట్టు కంపు వస్తే సిద్ధమైనట్టు. పోస్ట్‌హోల్ డిగ్గర్‌తో (కంచె స్తంభాలకు గుంటలు తవ్వే పనిముట్టు) రెండడుగుల లోతు గుంట తవ్వి అందులో పోయాలి. పైన చల్లితే రకూన్లూ జింకలూ ఊడ్చుకుపోతాయి. లోతులో ఉన్నదాన్ని తవ్వి తినే ఓపిక పంది ముట్టెకే ఉంటుంది, తవ్వేకొద్దీ అక్కడే నిలబడుతుంది కూడా. కారు డిక్కీలో ఈ బకెట్ ఒలికితే ఆ కారును అమ్మడం తప్ప వేరే మందు లేదు. ప్రభుత్వ వేట భూముల్లో ఎర పెట్టడం నిషేధం.

పందికి చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. గాలి మీ వైపు నుంచి దాని వైపు వీస్తుంటే మీరు వేసుకున్న రెండు వందల డాలర్ల క్యామఫ్లాజ్ జాకెట్ అలంకారమే. చిన్న సీసాలో పౌడరు పట్టుకెళ్ళి గంటగంటకూ ఒక్కసారి నొక్కి, గాలి ఎటు వీస్తోందో చూడాలి. డియోడరెంటు, అగరబత్తి వాసన పట్టిన చొక్కా, పొద్దున పెట్టిన తిరగమోత, ఇవన్నీ అది నాలుగు వందల గజాల నుంచి వివరంగా చదువుతుంది.

గురి పెట్టేచోట జింకల వేటగాళ్ళే బోల్తా పడతారు. జింకకు భుజం వెనక కొడతారు. పందికి గుండె, ఊపిరితిత్తులు ఇంకా ముందుకూ కిందకూ ఉంటాయి, భుజం వెనక కొడితే తగిలేది కాలేయం, పొట్ట. పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు ముందుకాలు వెంట గీత గీసినట్టు పైకి వెళ్ళి, రొమ్ము కింది నుంచి మూడో వంతు ఎత్తులో ఆగాలి. పెద్ద మగ పందికి భుజాల మీద గట్టి చర్మపు కవచం ఉంటుంది, కొవ్వూ అదీ కలిసి తూటా రంధ్రాన్ని మూసేయడంతో నెత్తుటి జాడ కూడా దొరకదు. 308 లాంటి పెద్ద తూటా అయితే దిగులు లేదు. 223 లాంటి సన్న తూటా అయితే గుండు సంగతి చూసుకోవాలి, చవకగా దొరికే ఫుల్ మెటల్ జాకెట్ (గట్టి లోహపు తొడుగున్న) గుండ్లు సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతాయి, పంది కూడా పోతుంది. వేటకు వాడే డబ్బాలోని తూటాలతోనే ముందు 100 గజాల దగ్గర సైట్ సరిచేసుకోవాలి. పడిపోయిన పంది దగ్గరకు సెల్ఫీకి పరిగెత్తేవాళ్ళు, అది ఇంకా నిర్ణయం తీసుకోలేదని గమనించాలి.

రాత్రి వేటకు థర్మల్ స్కోపు అద్దెకిస్తారు. అందులో వెచ్చగా ఉన్నదల్లా తెల్లగానే కనిపిస్తుంది. మూడు నెలల దూడ తల వంచి గడ్డి తింటుంటే పందికీ దానికీ తేడా తోకా కాళ్ళ పొడవూ మాత్రమే. నందిని పందిగా పొరబడితే దాని ధర యజమాని చెప్పినంత, బేరముండదు. వెనకాల కంచె ఉందో, ట్రాక్టరుందో, మీ గ్రూపు అడ్మినే ఉన్నాడో స్కోపులో తేలిగ్గా తెలియదు. ఏ ప్రాంతంలో ఉంటున్నారో గేమ్ వార్డెన్‌కు (వేట చట్టాలు చూసే అధికారి) ముందుగా ఫోన్ చేసి చెప్పడం తప్పనిసరి కాదు. చేస్తే మాత్రం, కాల్పుల మోత విని ఎవరో ఫిర్యాదు చేసిన రాత్రి మీకు నిద్ర పడుతుంది.

కోసేటప్పుడు నైట్రైల్ గ్లౌజులు, కళ్ళద్దాలు. ఈ పందుల్లో బ్రూసెల్లా సూయిస్ అనే బాక్టీరియా ఉండొచ్చు, నెత్తురు వేలి గీతలోంచో కంట్లోంచో పోతే వచ్చీపోయే జ్వరం, కీళ్ళ నొప్పులు మొదలవుతాయి. డాక్టరుకు పంది సంగతి చెప్పకపోతే ఆయన మీ కుర్చీని అనుమానిస్తాడు. మాంసం ఎంతో ఐసూ అంత, కూలర్ అడుగు బిరడా తీసి ఉంచాలి, నీళ్ళలో నానకూడదు. వండేటప్పుడు ముక్క మధ్యలో 160 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరాలి. ఫ్రీజర్‌లో పెడితే క్రిములన్నీ చస్తాయని పెద్దమ్మ చెప్పినా నమ్మొద్దు.

పిల్ల ఒకటి ముద్దుగా ఉందని ప్రాణాలతో పట్టుకొచ్చి పెరట్లో పెంచుదామనేవాడు ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. ప్రాణమున్న అడవి పందిని ఎక్కడికి తరలించొచ్చో టెక్సస్ పశు ఆరోగ్య కమిషన్ నిబంధనలు పెట్టింది. అనుమతి ఉన్న హోల్డింగ్ కేంద్రానికో, వేట కేంద్రానికో, కబేళాకో తప్ప మీ సబ్‌డివిజన్‌కు కాదు. కమిషన్ వాళ్ళు రావడం ఆలస్యమైనా, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉత్తరం మాత్రం పంది గరాజ్‌లోకి అడుగుపెట్టకముందే తలుపుకు అంటించి ఉంటుంది.